అచ్చునకు నోచని గ్రంథము

ఛాందసుడు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఛందస్సు అనగా వేదము. దానిని చదివినవాడు ఛాందసుడు. మొదట అది గౌరవమైన మాటయే. కాలక్రమమున అక్షరమును పట్టుకొని ఆత్మను విడిచినవానికి, తన గ్రంథము తప్ప లోకము నెరుగనివానికి ఆ పేరు నిలిచిపోయెను. ఆంగ్లేయులు వాడు ‘ఫండమెంటలిజము’ అను మాట చరిత్రయు ఇట్టిదే. అది ఏ పరమతమువారిని నిందించుటకో పుట్టిన మాట కాదు. 1910 మొదలు 1915 వరకు అమెరికా దేశములో ‘ఫండమెంటల్స్’ అను పేర 12 సంపుటములు వెలువడెను. విశ్వాస మూలసత్యములను కాపాడవలెనని భక్తిగల ప్రొటెస్టంటులు వాటిని వ్రాసిరి. 1920లో ఒక బాప్టిస్టు పత్రికా సంపాదకుడు అట్టి పక్షమువారికి ‘ఫండమెంటలిస్టు’ అను పేరు పెట్టెను. నేడు ఆ పేరును అన్ని మతములవారికిని అంటగట్టుచున్నారు గాని, అది పుట్టినది మన యింటనే.

మూలసత్యములను గట్టిగా పట్టుకొనుట దోషము కాదు. పునాది లేని యిల్లు నిలువదు. ప్రతి ఆదివారము మనము ఒప్పుకొను విశ్వాస ప్రమాణములో ఒక్క మాటయైనను నేను విడువను. అయితే దృఢ విశ్వాసమునకును ఛాందసమునకును భేదమున్నది. దృఢ విశ్వాసి తన దేవుని ఎరిగినవాడు గనుక పొరుగువాని మాట వినుటకు భయపడడు. ఛాందసుడు పొరుగువాని మాట వినకయే తీర్పు తీర్చును. ఎవరైనను విని వచ్చి చెప్పబోయిన వారి నోరు మూయించును. ఈ భేదమును స్పష్టముగా చూపు వృత్తాంతము ఒకటి మన దక్షిణ దేశ మిషను చరిత్రలోనే యున్నది. అది ఒక గ్రంథము కథ. వ్రాసినవాడు ఈ దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టంటు మిషనెరీ. దానిని అచ్చు వేయనీయనివారు ఆయనను ప్రేమించి పంపిన పెద్దలే.

బర్తొలొమేయు జీగెన్‌బాల్గు 1682లో జర్మనీలోని సాక్సను దేశమందు పుల్స్‌నిట్జు అను చిన్న పట్టణములో పుట్టెను. చిన్ననాడే తలిదండ్రులను పోగొట్టుకొనెను. శరీరము బలహీనమైనది. హల్లే పట్టణములో ఔగుస్టు హెర్మన్ ఫ్రాంకె అను భక్తుని యొద్ద విద్య నేర్చెను. ఆ కాలమున డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడెరికు తన ఏలుబడిలోనున్న ట్రాంక్విబారునకు సువార్తికులను పంపదలచి, జీగెన్‌బాల్గును, ఆయన స్నేహితుడైన హైన్రిఖ్ ప్లూచోను ఏర్పరచెను. ట్రాంక్విబారు అనునది తమిళదేశపు తీరమందలి తరంగంబాడి. 1620 నుండి అక్కడ డేనులకు కోటయు వర్తకమును ఉండెను. 1706 జూలై 9వ తేదీన ఈ యిద్దరును అక్కడ ఓడ దిగిరి. అప్పటికి జీగెన్‌బాల్గునకు 24 ఏండ్లు.

వచ్చిన క్రొత్తలో ఆయన యుద్దేశము ఎట్లుండెనో ఆయనయే తరువాత దాచక వ్రాసెను. ఈ దేశస్థులకు వ్యాకరణముగల భాషగాని, ధర్మశాస్త్రముగాని, మర్యాదగల జీవనముగాని ఉండునని ఆయన తలంపలేదట. ఐరోపాలో అందరును అట్లే తలంచుచుండిరి. ఆ తొలి దినములలో జరిగిన సంగతి ఒకటి ఆయన ఉత్తరములలో నున్నది. ట్రాంక్విబారు సమీపమున ఒక దేవాలయము చుట్టును మట్టి బొమ్మలు నిలిపి యుండగా చూచి, దేవుని మహిమకొరకైన ఆసక్తితో కొన్నిటిని పడద్రోసి, కొన్నిటి తలలు విరుగగొట్టెను. ఆ బొమ్మలకు శక్తి లేదని జనులకు చూపవలెనని ఆయన తలంపు. అంతట ఆ యూరి విద్వాంసుడొకడు వచ్చి, అవి దేవుళ్లు కావనియు, దేవునికి కావలియున్న భటుల రూపములు మాత్రమేననియు తెలియజెప్పెను. విరుగగొట్టినవానికి తాను విరుగగొట్టినది ఏమో తెలియదు! ఛాందసమునకు ఇంతకంటె స్పష్టమైన చిత్రము నాకు కనబడదు. ఆసక్తి యుండెను, జ్ఞానము లేదు. తన స్వజనులైన యూదులను గూర్చి అపొస్తలుడైన పౌలు వ్యసనపడి వ్రాసినది ఇట్టి ఆసక్తిని గూర్చియే (రోమా. 10).

అయితే ఆ యువకుని హృదయము మెత్తనిది. ఆయన భాష నేర్చుకొన బూనెను. అక్షరాభ్యాసము చేయు పిల్లలతో కూడ నేలమీద కూర్చుండి ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. డెబ్బది ఏండ్ల వృద్ధోపాధ్యాయుడొకడు ఆయనకు పాఠము చెప్పెను. పోర్చుగీసు మొదలైన ఐరోపా భాషలు తెలిసిన అళగప్ప అను దుబాసి అర్థము వివరించెను. తమిళ తాళపత్ర గ్రంథములను కొనుటకు ఆయన తన వ్రాయసకాండ్రను దూరపు గ్రామములకు పంపెను. మరణించిన బ్రాహ్మణ పండితుల భార్యలయొద్ద అట్టి గ్రంథములు దొరకుచుండెను. రెండేండ్లు నిండగానే, 1708లో, తాను సంపాదించి చదివిన తమిళ గ్రంథములకు ఒక పట్టిక వ్రాసెను. క్రైస్తవుల, మహమ్మదీయుల గ్రంథములు గాక అందు 119 గ్రంథములు పేర్కొనబడెను. వాటిలో తిరుక్కురళ్ కూడ నున్నది. జైనులు వ్రాసినవియు ఉన్నవి. అంతకుముందు ఏ ఐరోపావాడును తమిళ సాహిత్యమును ఇంత శ్రద్ధగా లెక్క వ్రాసినట్లు కనబడదు.

ఆ యేడే ఆయన మూడు చిన్న నీతి గ్రంథములను జర్మను భాషలోనికి మార్చి ఐరోపాకు పంపెను. అవి నీతివెణ్బా, కొన్ఱైవేందన్, ఉలగనీతి అనునవి. మన పిల్లలు సుమతి శతకమును, వేమన పద్యములను కంఠస్థము చేసినట్లే తమిళ బాలురు వాటిని బడిలో వల్లించుదురు. తలిదండ్రులను గౌరవింపుము, అబద్ధమాడకుము, పెట్టినది చెప్పుకొనకుము, అతిథిని ఆదరింపుము, కోపము నణచుకొనుము అనునట్టి బోధలు అందున్నవి. వాటికి వ్రాసిన పీఠికలో జీగెన్‌బాల్గు తన పూర్వపు తలంపు తప్పని ఒప్పుకొని, క్రైస్తవులైన ఐరోపావారు సిగ్గుపడదగినంత మంచి నీతి ఈ ప్రజలలో నున్నదని సూచించెను. బొమ్మల తలలు విరుగగొట్టిన చేయియే రెండేండ్లకు ఆ మాటలు వ్రాసెను.

దీనివలన ఆయన సువార్తను ప్రకటించుట మానెనా? లేదు. ఈ సంగతి మనము గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఆయన వీధులలోను, సత్రములలోను, చెట్ల నీడలలోను క్రీస్తును ప్రకటించెను. ఒక పేద విధవరాలి పక్షము వహించిన కలహము పెద్దదై, 1708 నవంబరులో డేనిష్ గవర్నరు ఆయనను కోటలో ఖైదు చేయించగా నాలుగు నెలలు చెరలో నుండెను. 1714–15 సంవత్సరములలో తమిళ క్రొత్త నిబంధనను ట్రాంక్విబారులో అచ్చు వేయించెను. విగ్రహారాధనను ఖండించుట ఆయన ఎన్నడును మానలేదు. అన్ని మతములును ఒక్కటేయని ఆయన ఎచ్చటను వ్రాయలేదు. అయినను ప్రజలతో వాదించినప్పుడు వారు చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొనెను. బ్రాహ్మణులతోను ఇతరులతోను జరిగిన 34 సంభాషణలు 1719లో లండనులో ఆంగ్ల గ్రంథముగా వెలువడెను. కొన్నిటిలో మిషనెరీ మాటకంటె ప్రత్యర్థి మాటయే సూటిగా నున్నట్లు చదువరికి తోచును. దానిని దాచకుండుట ఆయన యథార్థత.

1712 మొదలు 1714 వరకు ఆయనయు, ఆయన తోడి సేవకుడైన యోహాను ఎర్నెస్టు గ్రూండ్లరును మరియొక పని చేసిరి. తమిళ పండితులకును పెద్దలకును ప్రశ్నలు వ్రాసి పంపి ప్రత్యుత్తరములు తెప్పించుకొనిరి. దేవుని గూర్చి మీరేమి నమ్ముచున్నారు? పాపమనగా నేమి? మీరేల క్రైస్తవ మతమును అంగీకరింపరు? ఇట్టి ప్రశ్నలకు వచ్చిన ఉత్తరములలో 99 జర్మను భాషలోనికి మార్చబడి హల్లేలో ప్రకటింపబడెను. పరమాత్మ యొక్కడేయని, ఆయనకు రూపము లేదని, దానధర్మములు చేయవలెనని వ్రాసినవారు పలువురు. చివరి ప్రశ్నకు వచ్చిన ఉత్తరములు మనలను తలవంచుకొనజేయును. క్రైస్తవులు గోవులను చంపుదురు, మద్యము త్రాగుదురు, శుచి పాటింపరు, సత్క్రియలు అంతగా చేయరు; ఆ కారణములచేత మావారు మీ మతమును అసహ్యించుకొనుచున్నారని వారు నిర్మొగమాటముగా వ్రాసిరి. జీగెన్‌బాల్గు వారి సిద్ధాంతములను గూర్చి అడిగెను. వారు మన నడతను గూర్చి చెప్పిరి. మూడువందల ఏండ్లు దాటినను ఆ ప్రత్యుత్తరమునకు మనము ఇంకను జవాబు చెప్పుకొనవలసియే యున్నది.

ఇట్లు వినిన దానినంతయు, చదివిన దానినంతయు చేర్చి జీగెన్‌బాల్గు 1713లో ఒక పెద్ద గ్రంథము వ్రాసి ముగించెను. దక్షిణ దేశపు దేవతల వంశావళి అని దానికి పేరు. మొదటి భాగము పరాపరవస్తువును గూర్చినది. రూపములన్నిటికిని మీదనున్న పరమాత్మయొక్కటి కలదని ఈ దేశస్థులు ఎరుగుదురని ఆయన అందు వివరించెను. తరువాతి భాగములు త్రిమూర్తులను, గ్రామదేవతలను, ఇతర దేవతలను గూర్చినవి. గ్రామదేవతలను గూర్చి అంత వివరముగా అంతకుముందు ఏ ఐరోపావాడును వ్రాసి యుండలేదు. ఆయన ఊహించి వ్రాయలేదు. తమిళ గ్రంథములను, తమిళుల ఉత్తరములను ఆధారము చేసికొని వ్రాసెను. ఈ ప్రజలకు సువార్త చెప్ప వచ్చువారు ముందుగా ఈ ప్రజలను ఎరిగి యుండవలెనని ఆయన యుద్దేశము. అచ్చు వేయుడని వ్రాతప్రతిని హల్లేకు పంపెను.

హల్లే పెద్దలు దానిని అచ్చు వేయలేదు. అన్యమతమును నిర్మూలము చేయుటకు మిషనెరీలను పంపితిమిగాని ఆ మతపు వట్టి మాటలను ఐరోపాలో వ్యాపింపజేయుటకు కాదని ఫ్రాంకె భావించినట్లు తరువాతివారు వ్రాసియున్నారు. అప్పటికే హల్లే నుండి వెలువడుచుండిన మిషను వార్తలలో జీగెన్‌బాల్గు ఉత్తరములను కొంత దిద్దియే ప్రకటించుచుండిరి. ఈ గ్రంథము మాత్రము దిద్దుటకును వీలుకానిదై అలమారలో నుండిపోయెను. 1711లో ఆయన వ్రాసిన మరియొక గ్రంథమునకును అదే గతి పట్టెను. అది 1926లో హాలండు పండితుడు విలెం కలాండు పూనికతో ఆమ్‌స్టర్‌డాములో వెలువడెను. నీతి గ్రంథముల అనువాదములు 1930లో గాని వెలుగు చూడలేదు. దేవతల వంశావళిని మాత్రము 1867లో విల్‌హెల్ము గెర్మన్ అను మిషనెరీ మద్రాసులో అచ్చు వేయించెను. వ్రాసి ముగించిన 154 సంవత్సరములకు అది వ్రాసినవాని పేరుతో లోకమునకు తెలియవచ్చెను.

హల్లే పెద్దలు దుష్టులని మనము తలంపరాదు. ఈ కథలోని విచారకరమైన భాగము అదియే. ఫ్రాంకె అనాథ బాలురకు గృహము కట్టిన పుణ్యాత్ముడు. బీదల బిడ్డలకు చదువు చెప్పించెను. ఆయనయు ఒకప్పుడు ఛాందసుల చేత బాధలు పడినవాడే. లైప్‌చిగు పట్టణములో ఆయన బైబిలు తరగతులను 1690లో నిషేధించిరి. 1691లో ఎర్‌ఫూర్టు పట్టణమునుండి ఆయనను వెళ్లగొట్టిరి. సిద్ధాంతమందు నమ్మదగినవాడు కాడని పండితులు ఆయనమీద నేరము మోపిరి. అట్టివాడే తన శిష్యుని గ్రంథమును చూచి భయపడెను. నిన్న బాధింపబడినవాడు నేడు తలుపు మూయువాడగుట మనుష్య స్వభావములోనే యున్నది. గనుక ఛాందసము ఇతరుల రోగమని ఎవరును అనుకొనరాదు. భక్తి మిక్కిలిగా నున్నచోట కూడ, ఒక్కొక్కప్పుడు అచ్చటనే, అది మొలచును.

జీగెన్‌బాల్గు చివరి దినములలో ఆయనకు కలిగిన బాధయు ఈ కోవలోనిదే. కోపెన్‌హేగెనులోని మిషను సంఘపు కార్యదర్శియైన క్రిస్టియన్ వెండ్టు అపొస్తలుల దారిద్ర్యమే మిషనెరీలకు తగునని గట్టిగా నమ్మినవాడు. దేవాలయములు, పాఠశాలలు కట్టుట ఆయనకు ఇష్టము లేదు. ఎండలో, జబ్బులో, అప్పులలో పనిచేయుచున్న సేవకులకు ఆయన కఠినమైన ఉత్తరములు వ్రాసెను. 1719 ఫిబ్రవరి 23న జీగెన్‌బాల్గు 36 ఏండ్ల వయస్సున నిద్రించెను. అంతకు ముందటి యేడు తాను కట్టించిన నూతన యెరూషలేము దేవాలయములోనే ఆయనను సమాధి చేసిరి. మరుసటి యేడు గ్రూండ్లరును చనిపోయెను. దేశస్థుల యొద్ద ఆయనకు దొరకిన ఓర్పు తనవారి యొద్ద దొరకలేదు.

తెలుగు క్రైస్తవులమైన మనకు ఈ కథలో వంతున్నది. జీగెన్‌బాల్గు మరణించిన యేడే ట్రాంక్విబారు చేరిన బెంజమిన్ షుల్ట్జు తరువాత మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చెను. 1732 నాటికి బైబిలును తెలుగులోనికి మార్చెను, అది అచ్చుపడలేదు. స్వదేశమునకు మరలిన పిమ్మట 1746–47లలో హల్లే పట్టణములో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. లూథరు చిన్న ప్రశ్నోత్తరి వాటిలో ఒకటి. తెలుగు అక్షరములు అచ్చెక్కుట అదియే మొదలని పండితులు చెప్పుదురు. జీగెన్‌బాల్గు గ్రంథమును అలమారలో పెట్టిన పట్టణమే మన భాషకు అచ్చు నిచ్చినది! దేవుని పనివారు ఏకకాలమందే తలుపు తెరచుచును మూయుచును ఉందురు.

ఇంకొక సంగతి ఆలోచింపుడు. మన తెలుగు బైబిలులోని మాటలు ఎక్కడివి? దేవుడు, ఆత్మ, భక్తి, పాపము, రక్షణ, ప్రార్థన, పరిశుద్ధత, నిత్యము. ఈ మాటలు మిషనెరీలు ఓడలో తెచ్చినవి కావు. సువార్త ఈ దేశమునకు రాకముందే మన పూర్వులు వీటిని పలికి, వీటితో ఏడ్చి, వీటితో వెదకిరి. క్రీస్తు వచ్చి వాటిని క్రొత్త అర్థముతో నింపెను. ఆ మాటలే లేకున్నచో మనము మన రక్షకుని ఏ నోటితో పిలిచి యుందుము? పొరుగువాని మతమందు సత్యపు లేశమైన లేదని చెప్పువాడు తన చేతిలోని బైబిలును తెరచి చదువలేదన్నమాట. పౌలు అరేయొపగు మధ్య నిలిచి గ్రీకు కవుల మాటను ప్రమాణముగా తీసికొనెను (అపొ. కార్య. 17). మన ప్రభువు రోమా శతాధిపతి విశ్వాసమును మెచ్చుకొనెను. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి సమరయుని చూపించెను (లూకా 7, 10).

ఇప్పుడు మన కాలమునకు వత్తము. ఛాందసము నేడు ప్రతి మతములోను తల యెత్తుచున్నది. దేశదేశములలో దాని పేర ప్రార్థనా స్థలములు కాలినవి, నిరపరాధుల రక్తము చిందినది. ఇతరుల ఛాందసమువలన మన సంఘములు పడిన బాధలను నేను తక్కువ చేసి చెప్పను. కాని తీర్పు దేవుని యింటనే మొదలు కావలెనని పేతురు వ్రాసెను. ముప్పది ఏండ్లుగా సంఘములను దర్శించుచున్న నాకు తెలిసినది ఒకటి కలదు. పొరుగింటివారి దేవతలను గేలి చేయు కరపత్రము వ్రాయుట సులభము. లౌడు స్పీకరులో ఎకసక్కెము లాడుట ఇంకను సులభము. నేడు చేతిలోని ఫోనులో ఒక్క క్షణములో వేయిమందికి అట్టి మాట పంపవచ్చును. ఆ మాట నిజమా, ఆ పొరుగువాడు నిజముగా అట్లు నమ్ముచున్నాడా, ఒక్కసారి వాని నడిగితిమా అని విచారించువారు కొద్దిమంది.

దీనిని మనము కేవలము మర్యాదకు సంబంధించినదిగా ఎంచుచున్నాము. కాదు, ఇది ఆజ్ఞకు సంబంధించినది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకరాదని సీనాయి కొండమీద దేవుడు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞలో ‘పొరుగువాడు మన మతమువాడైనచో’ అను షరతు లేదు. వాని ఆస్తిని గూర్చియు నడతను గూర్చియు అబద్ధమాడుట పాపమైనయెడల, వాడు ప్రాణముకంటె మిన్నగా ఎంచుకొను భక్తిని గూర్చి అబద్ధమాడుట అంతకంటె చిన్న పాపమెట్లగును? జీగెన్‌బాల్గు మట్టి బొమ్మలను విరుగగొట్టిన దినమున విగ్రహములను గూర్చిన ఆజ్ఞ ఒక్కటే ఆయనకు కనబడెను. దేవతల వంశావళి వ్రాసిన దినమున పొరుగువానిని గూర్చిన ఆజ్ఞయు కనబడెను. రెండును ఒకే చేతివ్రాతలో నున్న ఆజ్ఞలే.

అన్ని మతములును కలిపి ఒకటి చేయుడని ఈ మాటల భావము కాదు. సిలువ సిలువయే, కృప కృపయే. వాటిని మరుగుపరచి చేయు స్నేహము స్నేహము కాదు, పొరుగువానికి అది మేలును కాదు. అయితే సత్యము పలుకుట, ఆకలిగొన్నవానికి పెట్టుట, ముదుసలి తలిదండ్రులను ఆదరించుట, వచ్చిన అతిథిని గౌరవించుట, దేవునికి భయపడి కోరికలను అదుపులో నుంచుకొనుట, ఇవి మన గ్రామములలో అన్ని వీధులలోను మెచ్చుకొనబడు గుణములు. ఊరి చెరువు ఎండినప్పుడును, తుపాను వచ్చినప్పుడును, పశువులకు జబ్బు చేసినప్పుడును మనలను ఒక్కచోట నిలువబెట్టునవి ఇవియే. ఇచ్చట చేతులు కలుపుటకు ఎవని విశ్వాసమును విడువనక్కరలేదు.

2006లో తరంగంబాడిలో జీగెన్‌బాల్గు వచ్చిన 300వ సంవత్సరపు ఉత్సవము జరిగెను. హల్లేలోని ఫ్రాంకె సంస్థలు ఆ వ్రాతప్రతులను నేడు అమూల్యముగా కాపాడుచున్నవి. దేశదేశముల పండితులు వాటిని చదువ అచ్చటికి పోవుచున్నారు. తమిళుల పూర్వ మతాచారములను తెలిసికొనగోరు హిందూ పండితులును ఆ గ్రంథమును తెరచి చూచుచున్నారు. నిర్మూలము చేయ బంపబడినవాడు జాగ్రత్తగా వ్రాసి యుంచినందున అవి నిలిచినవి. తలుపు మూసిన పెద్దల ఉద్దేశము నెరవేరలేదు. వినిన సేవకుని పని వ్యర్థము కాలేదు.

ప్రియ చదువరీ, మీ పొరుగువాడు దేనిని నమ్ముచున్నాడో మీరు ఎవరి నోట వింటిరి? వాని నోటనేనా, లేక వానిని ఎన్నడును కలిసికొననివాని నోటనా? ఈ నెలలో ఒక దినమున వాని అరుగుమీద కూర్చుండి అడిగి వినుడు. తొందరపడి మాట అడ్డుకొనకుడు. వాడు అడిగినప్పుడు మీ నిరీక్షణకు హేతువును సాత్వికముతో చెప్పుడు. మన ప్రభువు బావియొద్ద సమరయ స్త్రీని మొదట నీళ్లడిగెను. పిమ్మటనే జీవజలమును గూర్చి మాటలాడెను. ఆ క్రమమును మనము మార్చకుందుము గాక.